నుక్తాలు రాలిన ఊళ్లు

"మీరు యాడికెల్లి వచ్చిండ్రు?"

ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. బడిలో అడిగారు. నౌకరీకి పోతే అడిగారు. కిరాయి ఇంటికి పోతే తాళంచెవి ఇచ్చే ముందు అడిగారు. పెద్దపల్లిలో పుట్టి, పెద్దపల్లి అంగట్లో బేరాలాడి, ఆ ఊరి మట్టిలోనే అబ్బాజాన్‌ని పెట్టి వచ్చినవాళ్లం కూడా ఎక్కడి నుంచో ‘వచ్చి’ ఉండాలి. రాలేదు, మొదటి నుంచీ ఇక్కడే ఉన్నాం అంటే వినే చెవి లేదు.

ఈ ప్రశ్నకు రెండు జవాబులు ఎప్పుడూ తయారుగా ఉంటాయి. ఒకటి వాళ్లది. తురకలు గుర్రాలెక్కి దిగారు, నిజాం వెంటబెట్టుకొచ్చాడు, పాకిస్తాన్ పోవలసినవాళ్లు పోకుండా ఆగిపోయారు. రెండోది మన ఇంటి పెద్దలది. మాది బగ్దాద్ ఖాందాన్, మా పర్‌దాదా బుఖారా నుంచి వచ్చారు, మా రక్తంలో అరబ్బు రక్తం ఉంది. మొదటిది మనల్ని తరమడానికి వాళ్లు చెప్పే మాట. రెండోది గొప్ప కోసం మనం చెప్పుకునే మాట. చివరికి రెండూ ఒకే తీర్పు చెబుతాయి: ఈ ఊరు మీది కాదు.

మూడో జవాబు ఒకటుంది. అది పాత దఫ్తర్ కాగితాల్లో ఉంది. ఫలానా మనిషి, ఫలానా కసుబు, సాకిన్ మౌజా ఫలానా అని మన తాతముత్తాతల పక్కన ఊరి పేరు రాసి ఉంది. అయితే ఆ పేరును ఉన్నదున్నట్టు చదివే మనిషి కరువయ్యాడు. తప్పు చదివిన ఊరి పేరు ఒక్కటి చాలు, గోదావరి ఒడ్డున బతికిన కుటుంబాన్ని ఎత్తి ఇరాక్‌లో పడెయ్యడానికి. దీన్ని గుమాస్తా చేతి పొరపాటని కొట్టిపారేస్తే మేం ఒప్పుకోం. ఊరి పేరును తప్పు చదివినప్పుడల్లా మనం ఊరికి ఇంకాస్త దూరమే అవుతున్నాం. ఆ దూరం వల్ల లాభపడేవాళ్లు ఉన్నారు.

ముందు లిపి సంగతి చూద్దాం. నిజాం రాజ్యంలో 1884లో ఫార్సీ పోయి ఉర్దూ దఫ్తర్ భాష అయింది. అప్పటి నుంచి పోలీస్ యాక్షన్ దాకా, చాలా కచేరీల్లో ఆ తర్వాత కొన్నేళ్ల దాకా, తెలుగు ఊళ్ల పేర్లు ఉర్దూ అక్షరాల్లోనే బతికాయి. ఉర్దూలో బే, పే, తే, టే, సే అక్షరాల ఒడ్డు ఒకటే. తేడా అంతా మీదా కిందా పెట్టే గుర్తులది, ముఖ్యంగా నుక్తాలది, అంటే చుక్కలది. కింద ఒక చుక్క పెడితే బే, మూడు పెడితే పే, పైన రెండు పెడితే తే. మాట మొదట్లో వస్తే నూన్‌దీ యేదీ కూడా అదే రూపం. హ్రస్వాచ్చులు రాయరు. జబర్, జేర్, పేష్ గుర్తులు పిల్లల ఖాయిదాలోనే కనిపిస్తాయి, దఫ్తర్‌లో ఎవరూ పెట్టరు. అక్షరాన్ని ఒత్తి పలకమని చెప్పే తష్దీద్ కూడా అంతే. ఇక కచేరీ గుమాస్తాల షికస్తా రాత సంగతి చెప్పనక్కర లేదు. షికస్తా అంటేనే విరిగింది అని. కలం ఎత్తకుండా గీసుకుంటూ పోయేవాడికి చుక్కలు పెట్టే తీరిక ఎక్కడిది?

‘పల్లి’ అన్న మాటనే తీసుకోండి. పే, లామ్, యే. చుక్కలు రాలితే అది పల్లి కావచ్చు, బల్లి కావచ్చు, తల్లి కావచ్చు, నల్లి కావచ్చు. చుక్కలు సరిగ్గా ఉన్నా అచ్చులు లేవు కనుక పులి కావచ్చు, పిల్లి కావచ్చు. మూడు చుక్కల్లో ఒక్కటే మిగిలితే ఉర్దూ చదువరికి బిల్లీ అవుతుంది, అదీ పిల్లే. నవ్వొచ్చే సంగతే. కానీ కరీంనగర్, ఆదిలాబాద్ జాగల్లో పల్లి అని ముగిసే ఊళ్లు ఎన్నున్నాయో లెక్కపెట్టండి, నవ్వు ఆగిపోతుంది. ఊరు అని రాయాలంటే అలిఫ్, వావ్, రే. ‘మరియు’ అనే అర్థంలో వాడే ఔర్‌కూ సరిగ్గా అవే మూడక్షరాలు. పేట అని రాయాలంటే పే, యే, టే. కడుపు అనే పేట్‌కూ అవే. ళ లేదు, ణ లేదు. ఉన్న లామ్‌తో నూన్‌తో సర్దుకోవాలి. ఇది ఉర్దూ తప్పు కాదు, తెలుగు తప్పూ కాదు. రెండు భాషలూ తెలిసినవాడు చదివితే ఊరు ఊరుగానే వచ్చేది. ఒక్కటే తెలిసినవాడు చదివితే ఊరు ఔర్ అయ్యేది.

ఆ ఉర్దూ పేరు తర్వాత ఇంగ్లీషులోకి ఎక్కింది. ఇంపీరియల్ గెజిటీర్ తెరిచి చూడండి. మన ఎలగందుల అక్కడ ఎల్గందల్. సిరిసిల్ల సిర్సిల్లా. లక్షెట్టిపేట లఖ్‌సేటిపేట్. చెన్నూరు చిన్నూర్. చే, నూన్, వావ్, రే అని నాలుగక్షరాలు కనబడితే అది చెన్నూరో, చిన్నూరో, చునోరో చెప్పడానికి ఆ కాగితం మీద ఏ గుర్తూ ఉండదు. ఊరివాణ్ణి అడగాలి. 1956 తర్వాత ఆ ఇంగ్లీషు పేర్లు మళ్లీ తెలుగులోకి దిగాయి. ఇంగ్లీషుకు త, ట ఒకటే, ద, డ ఒకటే, ల, ళ ఒకటే. ఆ తర్వాత కంప్యూటర్ వచ్చింది. ఎక్కడో కూర్చున్న పిల్లవాడు, ఆ ఊరి ముఖం చూడనివాడు, స్క్రీన్ మీద తోచిన స్పెల్లింగ్ కొట్టాడు. తెలుగు నోట పుట్టిన పేరు ఉర్దూ, ఇంగ్లీషు, మళ్లీ తెలుగు, మిషను, ఇన్ని చేతులు మారి మన దగ్గరికొచ్చింది. వచ్చాక దాన్నే అసలుదంటున్నారు. ఊరివాళ్ల నోట్లో ఉన్న పేరు తప్పంటున్నారు.

"పాత జనాభా లెక్కల్లో వెతుక్కోండి, మీ తాత దొరుకుతాడు" అని సలహా చెప్పే చదువుకున్నవాళ్లున్నారు. వాళ్లకొక మాట చెప్పాలి. హైదరాబాద్ రాజ్యంలో మొదటి జనగణన 1881లో జరిగింది. తర్వాత పదేళ్లకోసారి 1941 దాకా నడిచింది. 1901 నివేదిక మీర్జా మెహదీ ఖాన్ రాశాడు, 1931ది గులాం అహ్మద్ ఖాన్ రాశాడు. ఆ సంపుటాల్లో జిల్లాలవారీగా, మతాలవారీగా, కులాలవారీగా, కసుబులవారీగా జనం సంఖ్య ఉంది. ఆ జనంలో ఒక్కరి పేరూ లేదు. గడప గడపకూ పోయి పేర్లు రాసుకున్న కాగితాలను మొత్తాలు కూడాక దాచలేదు. ఇదే బ్రిటిష్ సామ్రాజ్యం 1901 మార్చి 1న మనల్ని లెక్కపెట్టింది, అదే నెల 31న ఇంగ్లండ్‌లో తన జనాన్ని లెక్కపెట్టుకుంది. అక్కడి ఇంటింటి కాగితాలను నూరేళ్లు భద్రపరచి 2002లో జనం ముందు పెట్టారు. అక్కడా పేర్లు తప్పు చదివారు, ఊళ్లు తప్పు చదివారు. కానీ అసలు కాగితం బొమ్మ పక్కనే ఉంటుంది కనుక మనవడు చూసి దిద్దుకోగలుగుతున్నాడు. అమెరికా 72 ఏళ్లకు తెరుస్తుంది, 1950 నాటి కాగితాలను 2022లో తెరిచింది. మన 1948 జనగణన చట్టం పదిహేనో సెక్షన్ మాత్రం ఆ రిజిస్టర్లు చూసే హక్కు ఎవరికీ లేదంటుంది. బతికున్నవాళ్ల గుట్టు కాపాడటం మంచిదే. కానీ నూరేళ్ల కింద చనిపోయిన కూలిమనిషి పేరును ఎవరి నుంచి కాపాడుతున్నారు?

కాబట్టి మనకు మిగిలినవి వేరే కాగితాలు. ఊళ్ల జాబితాలు, సేత్వార్‌లు, వసూల్ బాకీలు, 1954-55 నాటి కాస్రా పహాణీ, నిఖా రాసిన ఖాజీల సియాహాలు, బడి దాఖలా రిజిస్టర్లు. జనాభా లెక్కల్లో పోయిన మనిషిని వీటిలోనే వెతకాలి. వీటికి తలుపుచెవి ఊరి పేరే. ఊరి పేరు తప్పితే మనిషి దొరకడు.

పెద్దపల్లి చుట్టుపక్కలే చూడండి, ఈ తప్పు చదువు ఎంత దూరం తీసుకుపోతుందో. పక్కనే సుల్తానాబాద్ ఉంది. ఇరాన్‌లో ఇప్పటి అరాక్ నగరాన్ని ఒకప్పుడు సుల్తానాబాద్ అనేవాళ్లు. కరాచీలోనూ సుల్తానాబాద్ అనే బస్తీ ఉంది. "పుట్టిన ఊరు సుల్తానాబాద్" అని ఒక ముస్లిం పేరు పక్కన కనిపిస్తే, మన మండలం తెలియని అధికారి బుర్ర ఎటు పోతుంది? రామగిరి ఖిల్లా కింద బేగంపేట అనే ఊరుంది. హైదరాబాద్ బేగంపేట అందరికీ తెలుసు, ఖిల్లా కింది బేగంపేట ఎవరికి తెలుసు? గోదావరి దాటితే మంచిర్యాల జిల్లాలో సింగరేణి కరెంటు కార్ఖానా ఉన్న జైపూర్ ఉంది. ఆ జైపూర్ మనిషిని కాగితం రాజస్థాన్‌వాణ్ణి చేస్తుంది. పెద్దపల్లి జిల్లాలో పాలకుర్తి ఉంది, జనగామ జిల్లాలో ఇంకో పాలకుర్తి ఉంది. నిర్మల్ వైపు పోతే బాసర ఉంది. ఉర్దూలో బాసర్‌ను సీన్‌తో రాస్తారు, ఇరాక్ బస్రాను సాద్‌తో రాస్తారు. ఇంగ్లీషులోకి పోయాక సీన్, సాద్ తేడా ఏది? సరస్వతి గుడి ఉన్న ఊరు షజ్రాలో అరబ్బు రేవు పట్టణమై కూర్చోవడానికి ఒక్క అక్షరం సరిపోతుంది.

జిల్లా పేరుతో సరిచూసుకుందామంటే అదీ నిలకడగా లేదు. 1905 దాకా మనది ఎలగందుల జిల్లా. 1905లో కరీంనగర్ అయింది. చెన్నూరు, లక్షెట్టిపేట తాలూకాలు అప్పుడే ఎలగందుల నుంచి విడిపోయి ఆదిలాబాద్ వైపు పోయాయి. 2016 అక్టోబర్ 11న ఒక్క రోజే 21 కొత్త జిల్లాలు పుట్టాయి. పెద్దపల్లి జిల్లా అయింది, చెన్నూరు, లక్షెట్టిపేట మంచిర్యాల కిందికి పోయాయి. రాజ్యం సంగతి సరేసరి. నిజాం రాజ్యం, 1948 తర్వాత హైదరాబాద్ రాష్ట్రం, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్, 2014 జూన్ 2 నుంచి తెలంగాణ. చెన్నూరులో ఒకే ఇంట్లో, ఒకే వేపచెట్టు కింద ఉన్న కుటుంబం మూడు జిల్లాల్లో, నాలుగు ప్రభుత్వాల కింద ఉన్నట్టు కాగితాలు చెబుతాయి. గడప దాటనివాళ్లను కాగితం వలసపక్షులను చేసింది. అంతా చేసి చివరికి "మీ కాగితాలు ఒకదానికొకటి కలవడం లేదు" అని మనల్నే నిలదీస్తుంది.

ఇక మన ఇంటి సంగతి. దీన్ని దాచి వాళ్లను మాత్రమే తిడితే ఈ వ్యాసానికి విలువ లేదు. మన షరీఫ్ పెద్దలకు కాగితం మీద పల్లి కనిపిస్తే నామోషీ. ‘గూడెం’ కనిపిస్తే ఇంకా నామోషీ. చదవరాని పేరు ఒకటి తగిలితే దాన్ని ఏదో ఒక అరబ్బు పట్టణంగా, ఇరానీ పట్టణంగా సర్ది చదువుతారు. పేరు తప్పు చదవడానికి కళ్లు ఎంత కారణమో కోరిక కూడా అంతే కారణం. పాత జనాభా లెక్కలు ముస్లింలను షేక్, సయ్యద్, మొగల్, పఠాన్ అని గళ్లుగా పంచాయి. దూది ఏకేవాడు, రాయి కొట్టేవాడు, బట్టలుతికేవాడు, క్షవరం చేసేవాడు, మాంసం కోసేవాడు ఏ గడిలో పడాలి? చాలామంది షేక్ గడిలో పడ్డారు. గడిలో పడ్డాక కసుబు పేరు పోయింది, కసుబుతో పాటు ఊరి పేరు పోయింది. మిగిలింది ఒక షేక్, వాడికి ఒక ఊహల బగ్దాద్.

ఆ ఊహను తెలంగాణ సర్కారు లెక్కలే పగలగొట్టాయి. 2024 నవంబర్‌లో మొదలైన ఇంటింటి కుల సర్వే ఫలితాలు 2025 ఫిబ్రవరిలో బయటికొచ్చాయి. రాష్ట్ర జనాభాలో ముస్లింలు 12.56 శాతం. అందులో బీసీ ముస్లింలు 10.08 శాతం, మిగతావాళ్లు 2.48 శాతం. అంటే ప్రతి ఐదుగురిలో నలుగురు బీసీలు. 2007లో నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చిన బీసీ-ఇ జాబితా చదవండి: అచ్చుకట్లవాండ్లు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, ఫకీర్లు, గారడీ సాయిబులు, గోసంగి ముస్లింలు, హజాంలు, ఖురేషీలు, తురక కాశలు. దూదేకులవాళ్లు అంతకుముందు నుంచే బీసీ-బిలో ఉన్నారు. ఈ పేర్లలో బుఖారా ఎక్కడుంది? ఇవన్నీ ఈ నేల పనులు, ఈ నేల చేతులు. వీళ్ల ఊళ్లు పల్లి, గూడెం, కుంట, పేట. మన చరిత్ర నవాబుల దివాన్‌ఖానాలో లేదు, వసూల్ బాకీలో ఉంది. అది చదవడానికి సిగ్గుపడేవాడు తన తాతను చూసి సిగ్గుపడుతున్నట్టే.

ఇందులో అందరికంటే ఎక్కువ పోయింది ఆడవాళ్లు. షజ్రాలో వాళ్లుండరు. పట్టాలో వాళ్లుండరు. ఒక్క ఖాజీ సియాహాలో మాత్రం ఫలానావాడి బిడ్డ, సాకిన్ ఫలానా అని ఒకసారి కనిపిస్తారు. దాదీ పుట్టిన ఊరికీ, నానీ పుట్టిన ఊరికీ ఆ ఒక్క మాటే సాక్ష్యం. ఆ ఊరి పేరు చదవలేకపోతే ఆమె నిఖా రోజు ఆకాశంలోంచి ఊడిపడ్డట్టే. మన ఇళ్లలో బగ్దాద్ గురించి నాలుగు గంటలు చెప్పే మగవాళ్లున్నారు. నానీ ఊరేదని అడిగితే నోరెళ్లబెడతారు. నానీ మాత్రం చెప్పగలదు. ఏ వాగు దాటాలో, ఏ చింత దగ్గర బండి ఆపాలో, ఏ దర్గా ఉర్సుకు ఊరంతా వచ్చేదో చెప్పగలదు. ఆమెను అడిగినవాడు లేడు.

అవతలివాళ్లకు మన ఊళ్ల పేర్లతో వేరే పని ఉంది. సుల్తానాబాద్, ఆసిఫాబాద్, ఆదిలాబాద్, కరీంనగర్ అనే పేర్లు చూపించి, చూడండి బయటివాళ్ల గుర్తులు, మార్చేద్దాం అంటారు. 2018 ఎన్నికల ప్రచారానికి వచ్చిన ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి కరీంనగర్‌ను కరీపురం చేస్తామన్నాడు. ఒకవైపు పాత కాగితాల్లో మన ఊరి పేరు తప్పు చదువుతారు, ఇంకోవైపు కొత్త బోర్డు మీద మన ఊరి పేరు తుడుస్తామంటారు. రేపు ఆ పేరు మారితే కరీంనగర్ అని ఉన్న లక్షల సర్టిఫికెట్లు ‘పాత పేరు’ కాగితాలవుతాయి. ఆ కాగితాలున్నవాళ్లలో ముస్లింలు ఎంతమంది, ఇతరులు ఎంతమంది? ఊరి పేరు మార్చేవాడు మమ్మల్నే కొడుతున్నాననుకుంటాడు. దెబ్బ ఊరందరికీ తగులుతుంది.

కాగితాలు లేని ఊళ్ల సంగతీ చెప్పుకోవాలి. రెవెన్యూ లెక్కల్లో బేచిరాగ్ అనే మాట ఒకటుంది. చిరాగ్ అంటే దీపం. దీపం పెట్టే మనిషి లేని ఊరు బేచిరాగ్. కరువుకూ, కలరాకూ, అప్పులకూ ఖాళీ అయిన ఊళ్లను అలా రాసేవాళ్లు. 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా జరిగిన పోలీస్ యాక్షన్ సమయంలో, దాని తర్వాతి రోజుల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండను సుందర్‌లాల్ కమిటీ నమోదు చేసింది. చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ దెబ్బతిన్నాయని చెప్పింది. ఆ నివేదిక 2013 దాకా జనం కంటపడలేదు. 65 ఏళ్లు తన నివేదికనే చదవనివ్వని రాజ్యం, ప్రాణాలు దక్కించుకుని పారిపోయి వచ్చినవాడి మనవణ్ణి మీ తాత ఊరి కాగితం తెమ్మంటే ఏమనాలి? ఆ ఊరు ఆ ఇంటికి ఎప్పుడో బేచిరాగ్ అయింది.

ఇదంతా పాత పురాణం, ఇప్పుడెందుకు అంటారా? అస్సాంలో 2019 ఆగస్టు 31న ప్రకటించిన పౌర పట్టికలో 19,06,657 మంది పేర్లు లేవు. అక్కడి ట్రిబ్యునళ్లలో ఒక కాగితంలో ఒక స్పెల్లింగ్, ఇంకో కాగితంలో ఇంకో స్పెల్లింగ్ ఉందని మనుషుల్ని విదేశీయులన్నారు. 2025లో బీహార్ ఓటర్ల ప్రత్యేక సవరణలో ముసాయిదా జాబితా నుంచి 65 లక్షల పేర్లు పోయాయి. అందులో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. 2027 జనగణనకు 2025 జూన్ 16న నోటిఫికేషన్ ఇచ్చారు. ఈసారి కులం కూడా అడుగుతారు, ఫోన్లలో నింపుతారు. ఊరి పేర్ల ఖానాలో మళ్లీ ఎవరి చేతికి తోచింది వారు నింపితే, ఇంకో నూరేళ్ల తప్పు చదువుకు ఇవాళే విత్తనం వేసినట్టు.

ఇక్కడ మా సెక్యులర్ మిత్రులు ఒక మంచి ప్రశ్న వేస్తారు. "తాత ఊరు వెతకడమంటే వాళ్ల పరీక్షకు మీరు తలవంచినట్టు కాదా? పౌరసత్వం పుట్టుమచ్చా, వంశవృక్షమా?" మా జవాబు ఇది. మా హక్కు మా తాత ఊరి మీద ఆధారపడి లేదు. తాతల ఊరు తెలియనివాడికీ అదే హక్కుంది. ఈ కాగితాలను ఏ అధికారి బల్ల మీదా రుజువుగా పెట్టడానికి మేం వెతకడం లేదు. తెలంగాణకు ఈ అవమానం తెలియనిది కూడా కాదు. 1919 ఫర్మానాతో ముల్కీ అనిపించుకోవాలంటే పదిహేనేళ్ల నివాసం చూపాలన్నారు. ఆ ముల్కీ మాట చుట్టూ ఇక్కడ ఎన్ని ఉద్యమాలు నడిచాయో అందరికీ తెలుసు. మా ఊరు మాది అని చెప్పుకోవడంలో ఉన్న బాధ తెలిసినవాళ్లు, అదే మాట సాయిబు చెబితే మాత్రం కాగితం అడగొద్దు. మేం చదివేది మా కోసం. మా చరిత్రను ఇంకొకరు తప్పు చదివి మాకే వినిపిస్తుంటే ఊరుకోలేక చదువుతున్నాం.

ఇంకో మాట. ఇది ముస్లింల గొడవ, ఉర్దూ గొడవ అనుకునే తెలుగు పాఠకుడు తన ఇంటి సందుక తెరిచి చూసుకోవాలి. తెలంగాణలో భూమి తగాదా ముదిరితే అందరూ పరుగెత్తేది కాస్రా పహాణీ దగ్గరికి. అది చాలా ఊళ్లలో ఉర్దూలో ఉంది. రెడ్డి భూమి ఉర్దూలో ఉంది, మాదిగ ఇనాం ఉర్దూలో ఉంది, గొల్లకుర్మల బంచరాయి ఉర్దూలో ఉంది. 2020 అక్టోబర్‌లో ధరణి వచ్చింది, అది పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. పోర్టల్ పేర్లు మారినంత మాత్రాన అడుగున ఉన్న ఉర్దూ కాగితం మారదు. ఉర్దూను సాయిబుల భాషని పక్కన పెట్టినవాళ్లు తమ తాత పట్టాను తామే చదువుకోలేని స్థితికి వచ్చారు. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష చేశారు. సంతోషమే. కానీ ఏ తహసీల్ ఆఫీసులో షికస్తా చదవగలిగిన మనిషి కుర్చీలో కూర్చుని ఉన్నాడో చూపించండి. బోర్డు మీద ఉర్దూ రాయించడం సులువు. బీరువాలోని ఉర్దూను చదివించడమే కష్టం, కావలసింది అదే.

చదవడం బ్రహ్మవిద్య కాదు. ముందు చుక్కలను నమ్మొద్దు. అక్షరాల ఒడ్డు మాత్రమే చూసి, దానికి కుదిరే పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆ పేరుకు ముందూ వెనకా ఉన్న ఊళ్లేమిటో చూడాలి. పక్క ఊళ్లు దొరికితే ఈ ఊరు దాక్కోలేదు. కలాన్ అంటే పెద్దది, ఖుర్ద్ అంటే చిన్నది, మజ్రా అంటే పెద్ద ఊరికి ఆనుకుని ఉండే పల్లె. ఇవి పేరులో భాగమో తోకలో చూసుకోవాలి. కాగితం ఏ సంవత్సరానిదో చూసి, ఆ సంవత్సరం ఆ తాలూకా ఏ జిల్లాలో ఉందో చూడాలి. ఎల్లంపల్లి నీళ్లలో మునిగిన ఊళ్లనూ, సింగరేణి ఓపెన్‌కాస్టుల కింద పోయిన ఊళ్లనూ మరిచిపోవద్దు. ఈనాటి పటంలో లేనంత మాత్రాన ఊరు అబద్ధం కాదు. చివరగా ఆ పేరును ఆ జాగలో పుట్టిన ముసలివాళ్ల ముందు బిగ్గరగా చదవాలి. వాళ్లు నవ్వి దిద్దుతారు. ఏ గెజిటీర్ కంటే ఆ దిద్దుబాటు గట్టిది.

ప్రభుత్వాన్ని మేం అడిగేవి కొన్నే. మండలం మండలానికీ ఊళ్ల పేర్ల పట్టిక అచ్చు వేయాలి. ఉర్దూలో ఎలా రాశారు, ఇంగ్లీషులో ఎలా రాశారు, ఊరివాళ్లు ఎలా పలుకుతారు, ఏ సంవత్సరం ఏ తాలూకాలో ఉంది, మునిగిపోతే ఎప్పుడు మునిగింది, అన్నీ ఒకేచోట ఉండాలి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, జిల్లా రికార్డు గదుల్లో ఉన్న పాత కాగితాల అసలు బొమ్మలను జనానికి చూపించాలి. ఎవరో చదివి టైపు చేసింది మాత్రమే ఇస్తే తప్పు తప్పుగానే ఉండిపోతుంది. షికస్తా చదవడం నేర్పే తరగతులు పెట్టాలి, ఏ మతం పిల్లలైనా చేరేలా పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, తప్పు చదివింది దఫ్తర్ అయినప్పుడు శిక్ష మనిషికి పడకూడదు. ఊరి పేరు స్పెల్లింగ్ కలవలేదని ఒక్క దరఖాస్తు కూడా తిప్పి పంపకూడదు.

మనవాళ్లను అడిగేది ఇంకా తక్కువ. మీ నానీ బతికుంటే ఇవాళే పోయి ఆమె ఊరి పేరు, ఆ ఊరి చుట్టూ ఉన్న నాలుగు ఊళ్ల పేర్లు తెలుగులో, ఉర్దూలో రాసుకోండి. బగ్దాద్‌ను కొన్నాళ్లు పక్కన పెట్టండి, అది ఎక్కడికీ పోదు. మీ పర్‌దాదా దూది ఏకిన ఊరు, రాయి కొట్టిన ఊరు, జీతానికి ఉన్న ఊరు ఏదో తేల్చండి. దాని పేరులో పల్లి ఉంటే పల్లి అనే రాయండి, మూడు చుక్కలూ సరిగ్గా పెట్టి రాయండి. యాడికెల్లి వచ్చిండ్రని మళ్లీ ఎవరైనా అడిగితే ఆ ఊరి పేరు చెప్పండి, మండలంతో సహా చెప్పండి. నమ్మకపోతే అది అడిగినవాడి చదువులో ఉన్న లోపం.